గుర్రం ఎక్కడుంది బాబూ?

పద్నాలుగేళ్ల కిందట మా సంఘంలో యవ్వనస్థుల ఆదివారం నాడు వాక్యం చెప్పే అవకాశం నాకు వచ్చింది. వారం రోజులు తయారయ్యాను. సౌలు దమస్కుకు పోతుండగా ఆకాశం నుంచి వెలుగు పడి నేల కూలిన ఘట్టం తీసుకున్నాను. ఆ గుర్రాన్ని ఎంత బాగా వర్ణించానో! డెక్కల చప్పుడు, నోటి నురగ, ముందుకాళ్లు పైకెత్తి సకిలించడం, అంతటి సౌలు జీను మీద నుంచి దబ్బున మట్టిలో పడటం. వెనక వరసలో పిల్లలు కూడా కదలకుండా విన్నారు.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే నలుగురు వచ్చి చెయ్యి కలిపారు. ఐదో మనిషి మా టీచరమ్మ గారు. హైస్కూల్లో తెలుగు చెప్పి ఆ మధ్యనే రిటైరయ్యారు.

"బాగా చెప్పావు. గుర్రం ఎక్కడుంది బాబూ?"

"ఏ గుర్రమండీ?"

"అదే, సౌలు ఎక్కిన గుర్రం. నా బైబిల్లో కనపడలేదు. నీ దాంట్లో ఉందేమోనని అడుగుతున్నా."

పక్కన ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. "అక్షరాన్ని పట్టుకుని వేలాడితే ఎలాగండీ టీచరమ్మ గారూ, ఆత్మను చూడాలి గానీ" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. తలూపి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి భోజనం కాగానే బైబిలు తెరిచాను. ఆ సంఘటన అపొస్తలుల కార్యములలో మూడుసార్లు వస్తుంది: 9వ అధ్యాయంలో లూకా చెబుతాడు, 22లోనూ 26లోనూ సౌలే, అప్పటికి పౌలు, స్వయంగా చెప్పుకుంటాడు. మూడు చోట్లా వెతికాను. గుర్రం లేదు. పైగా చూపు పోయిన సౌలును వెంట ఉన్నవాళ్లు చెయ్యి పట్టుకుని దమస్కులోకి తీసుకెళ్లారని ఉంది. గుర్రం చిత్రకారులు పెట్టింది. నేను ఏ క్యాలెండర్ బొమ్మలోనో చూసి ఉంటాను.

గుర్రం గురించి నాకిప్పుడు సిగ్గు లేదు. అలాంటివి ఎవరికైనా దొర్లుతాయి. సిగ్గు పడేది నేనిచ్చిన జవాబు గురించి. నా పరువు మీద చెయ్యి పడగానే చటుక్కున ఒక వాక్యాన్ని డాలులా ఎత్తిపట్టుకున్నాను. అదీ నాకంటే పాతికేళ్లు పెద్దావిడ మీద. ఈ అధ్యాయం ఆ డాలు గురించే.

ఒక విచిత్రం గమనించారా? ప్రతి ఆదివారం మనం పాపులమని అందరితో కలిసి బిగ్గరగా ఒప్పుకుంటాం. ఘోర పాపినని పాటలో రాగం తీస్తూ పాడతాం, కళ్లు కూడా చెమరుస్తాయి. గుడి బయటికి రాగానే ఎవరైనా "మీరు కమిటీ మీటింగుకి ఎప్పుడూ ఆలస్యంగా వస్తారండీ" అంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంటుంది. మొత్తంగా పాపినని ఒప్పుకోవడం చాలా తేలిక, అందులో పేర్లూ తేదీలూ ఉండవు. ఫలానా మంగళవారం నాడు ఫలానా మనిషితో ఫలానా మాట తప్పుగా అన్నానని ఒప్పుకోవడమే కష్టం.

సిలువ అర్థం నిజంగా తలకెక్కితే ఈ లెక్క తలకిందులు కావాలి. నా కోసం దేవుని కుమారుడు చావాల్సి వచ్చిందంటే, నా గురించి చెప్పగలిగినంత చెడ్డమాట అక్కడ ఎప్పుడో చెప్పేసినట్టే. నన్ను విమర్శించేవాడికి నా గురించి తెలిసింది దేవునికి తెలిసినదాంట్లో పిసరంత. అంతా తెలిసినవాడు నన్ను చేర్చుకున్నాక, కొంచెం తెలిసినవాడు ఆ కొంచెం నా ముఖాన చెబితే నేను కోల్పోయేదేముంది? ఇది ఆలోచనగా సులువుగానే ఉంటుంది. చెప్పులు వేసుకునే చోట, నలుగురి ముందు గుర్తు రావడమే కష్టం.

బైబిల్లో ఈ కష్టం పడిన ఇద్దరు రాజులున్నారు. వాళ్లను పక్కపక్కన పెట్టి చదవమని నేను ఎవరికైనా చెబుతాను.

మొదటివాడు సౌలు రాజు, దమస్కు దారిలో పడిన సౌలు కాదు. అమాలేకీయులతో యుద్ధం అయ్యాక ప్రవక్త సమూయేలు వచ్చి తప్పు చూపించాడు (1 సమూయేలు 15). సౌలు ముందు ఆజ్ఞ నెరవేర్చాననే అన్నాడు. గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయే అంటే, అవి ప్రజలు తెచ్చినవి అన్నాడు, పైగా బలి అర్పించడానికే అన్నాడు. చివరికి గత్యంతరం లేక పాపం చేశానని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ వెంటనే ఒక కోరిక కోరాడు: మా జనం పెద్దల ముందు మాత్రం నన్ను గౌరవించు. అంటే, తప్పు నా దగ్గరే ఉండనీ, పరువు మాత్రం బజార్లో నిలబడనీ.

రెండోవాడు దావీదు. బత్షెబ విషయంలో, ఆమె భర్త ఊరియాను చంపించిన విషయంలో ఆయన చేసింది సౌలు చేసినదానికంటే చిన్న తప్పేమీ కాదు. ప్రవక్త నాతాను వచ్చి పేదవాడి ఒక్కగానొక్క ఆడ గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఆ ధనవంతుడి మీద దావీదు ఒంటికాలి మీద లేచాడు: వాడు చావాల్సిందే, నాలుగంతలు కట్టాల్సిందే అన్నాడు. ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను. దావీదు జవాబు హీబ్రూలో రెండే మాటలు, యెహోవాకు విరోధంగా పాపం చేశానని. ఆ స్త్రీ అక్కడ స్నానం చేయకుండా ఉండాల్సింది అనలేదు. యుద్ధంలో ఎవరు చస్తారో ఎవరికి తెలుసు అనలేదు, ఆ మాట అంతకుముందు సేనాపతి యోవాబుకు కబురు పంపినప్పుడు అన్నవాడే. సభలో నా పరువు చూడమనీ అనలేదు. 1 దినవృత్తాంతములు 3వ అధ్యాయంలో దావీదుకు బత్షెబ కన్న కొడుకుల పేర్లు చదివితే, సొలొమోనుతో పాటు అక్కడ ఒక నాతాను కనిపిస్తాడు. ఆ ప్రవక్త పేరే పెట్టుకున్నారని బైబిలు చెప్పలేదు, నేనూ చెప్పను. ఆ వరసలో ఆ పేరు దగ్గర మాత్రం నేను కాసేపు ఆగుతాను.

సౌలూ దావీదూ ఇద్దరూ పాపం చేశానన్నారు. మాట ఒకటే. తేడా ఆ మాట తర్వాత ఏమొచ్చిందో అందులో ఉంది. మీరు ఈ వారం ఎవరికైనా క్షమాపణ చెబితే, దాని తర్వాత మీ నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం ఏమిటో గుర్తు చేసుకోండి.

దావీదు పుట్టుకతో అంత మెత్తని మనిషి అనుకోనక్కర్లేదు. కుర్రతనంలో నాబాలు అన్న ఒక్క మాటకి, ఈ రోజుల్లో యజమానుల దగ్గర నుంచి పారిపోయే పనివాళ్లు ఎక్కువైపోయారన్న ఎత్తిపొడుపుకి, 400 మందిని వెంటబెట్టుకుని ఆ ఇంట్లో మగపురుగు మిగలకుండా చేస్తానని బయలుదేరాడు. దారిలో నాబాలు భార్య అబీగయీలు అడ్డం వచ్చింది. రొట్టెలూ ద్రాక్షారసమూ ఐదు గొర్రెల మాంసమూ గాడిదల మీద వేసుకుని వచ్చింది. ఎంత తెలివిగా మందలించిందో చూడండి: రేపు మీరు రాజయ్యాక ఈ రక్తం మీ మనసుకు ముల్లు కాకూడదు అన్న అర్థంలో చెప్పింది. కత్తి కట్టుకుని కదిలిన మగవాడు, వెనక 400 మంది చూస్తుండగా, ఒక ఆడమనిషి మాట విని వెనక్కి తిరిగాడు. తిరగడమే కాదు, నిన్ను పంపిన దేవునికి స్తోత్రం అన్నాడు. మన ఇళ్లలో భార్య "ఇప్పుడు ఫోను చెయ్యకండి, కోపం తగ్గాక చెయ్యండి" అంటే ఎన్నిసార్లు స్తోత్రం అన్నాం?

ఇక షిమీ సంగతి. అబ్షాలోము తిరుగుబాటు చేస్తే దావీదు చెప్పులు లేకుండా ఏడుస్తూ యెరూషలేము విడిచిపోతున్నాడు. బహూరీము దగ్గర సౌలు వంశపువాడు షిమీ రాళ్లు రువ్వుతూ, హంతకుడా అని తిట్టుకుంటూ వెంటపడ్డాడు. వెళ్లి వాడి తల తెస్తానన్నాడు దావీదు మనిషి అబీషై. వద్దన్నాడు దావీదు. కన్న కొడుకే నా ప్రాణం తీయాలని చూస్తుంటే ఈ బెన్యామీనీయుడి మాటెంత, దేవుడే తిట్టమన్నాడేమో అన్నాడు. షిమీ చేసిన ఆరోపణ నిజానికి తప్పు. సౌలు ఇంటివారి రక్తం దావీదు చేతికి అంటలేదు. కానీ ఊరియా రక్తం అంటింది. విమర్శ తప్పు చిరునామాకి వచ్చినా, లోపల ఉత్తరం తనదేనని దావీదుకు తెలుసు.

ఇక్కడితో ఆపితే ఈ కథ ప్రసంగానికి ముచ్చటగా ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు. నేనూ ఆపేవాణ్ణి. 1 రాజులు 2వ అధ్యాయంలో అదే దావీదు మరణశయ్య మీద సొలొమోనును పిలిచి, షిమీని చంపనని నేను ప్రమాణం చేశాను గానీ నువ్వు వాణ్ణి ఊరకే వదలకు అని అప్పగించి పోయాడు. అన్నేళ్లూ ఆ రాయి దావీదు మనసులోనే ఉంది. ఆ రోజు దారిలో కనపడిన దావీదు నిజం. మంచం మీద దావీదూ నిజమే. విమర్శను మర్యాదగా వినడం ఒక పని, దాన్ని లోపల నుంచి వదిలేయడం ఇంకో పని. మొదటిది ఒక నిమిషంలో చెయ్యొచ్చు. రెండోదానికి ఏళ్లు పట్టొచ్చు. మొదటిది చేశాను కదా అని రెండోది అయిపోయిందనుకుంటే ముసలితనంలో బయటపడుతుంది.

ఇప్పుడు మన సంఘాల సంగతికి వద్దాం. చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది.

లోకంలో వాళ్లు విమర్శ వస్తే తిరిగి తిడతారు, లేదా మాట మానేస్తారు. మనకు ఇంకో సౌకర్యం ఉంది: భక్తి. "ప్రార్థన చేస్తానండీ" అనేది మన దగ్గర చర్చ ముగిసిందని చెప్పే పద్ధతి. కానుకల లెక్క చదవమని ఒక పెద్దాయన అడిగితే అది సాతాను శోధన అయిపోతుంది. పాస్టరు గారి ప్రసంగం గంటన్నర సాగుతోంది, పసిపిల్లల తల్లులు ఇబ్బంది పడుతున్నారు అని ఎవరైనా అంటే, అభిషేకం పొందినవారి మీద చెయ్యి వెయ్యకూడదన్న మాట బయటికొస్తుంది. ఆ మాట 105వ కీర్తనలో ఎవరి గురించి ఉందో చూడండి: సొంత నేల లేక, దేశదేశాలు తిరుగుతున్న అబ్రాహాము ఇస్సాకు యాకోబుల గురించి, వాళ్లను రాజులు హింసించకుండా కాపాడిన సందర్భంలో ఉంది. అధికారం లేనివాళ్లకు కంచెగా వేసిన మాటను అధికారం ఉన్నవాళ్లకు గోడగా కట్టుకున్నాం. సౌలు మీద చెయ్యి వెయ్యనన్న దావీదు కూడా నోరు మూసుకోలేదు. గుహలోంచి బయటికొచ్చి, అతని వస్త్రపు చెంగు చేత పట్టుకుని, నువ్వు చేస్తున్నది అన్యాయమని అతని మనుషులందరికీ వినపడేలా చెప్పాడు.

ఇంకో ఆయుధం కుటుంబ ప్రార్థన. "ప్రభువా, కొందరు మా మధ్య సణుగుతున్నారు, వారి హృదయాలను తాకు తండ్రీ" అని కళ్లు మూసుకుని అంటుంటే, గదిలో అందరికీ ఆ కొందరు ఎవరో తెలుసు, ఆ కొందరికి మరీ బాగా తెలుసు. జవాబు చెప్పే వీలు లేదు, చెబితే ప్రార్థన మధ్యలో మాట్లాడినట్టు. ఈ మధ్య వాట్సాప్ స్టేటస్ వచ్చి దీన్ని ఇంకా తేలిక చేసింది. స్త్రీల సమాజంలో మాటా మాటా అనుకున్న సాయంత్రానికల్లా ఒక స్టేటస్ మారుతుంది, పువ్వుల బొమ్మ మీద సామెతల గ్రంథంలోంచి మూర్ఖురాలి గురించిన వాక్యం. నేను స్టేటస్ పెట్టలేదు గానీ, గుర్రం రోజున చేసింది దాని అన్నదమ్ముల బాపతే.

నా సలహా ఇది: విమర్శ విన్నాక 24 గంటల పాటు దాని గురించి మాట్లాడేటప్పుడు బైబిలు వాక్యం వాడకండి. మీలో మీరు చదువుకోండి, మోకాళ్ల మీద ఎంతసేపైనా ఉండండి. విమర్శించిన మనిషి మీదకు మాత్రం విసరకండి. కోపంలో ఎత్తిన వాక్యం ఎప్పుడూ పిడి మన చేతిలో, మొన అవతలివాడి వైపు ఉండేలాగే దొరుకుతుంది.

ఆ మొదటి నిమిషంలో మరి ఏమనాలి? మాట సిద్ధంగా లేకపోతే డాలే ముందు లేస్తుంది, కాబట్టి ఒక మాట ముందే తయారుచేసి పెట్టుకోవాలి. నేను పెట్టుకున్నది: "కొంచెం వివరంగా చెప్పండి, ఎక్కడ అలా అనిపించింది?" ఇందులో ఒప్పుకోలు లేదు, తిరస్కారం లేదు. చెప్పేవాళ్లు మాటల్లో పడేసరికి చెవుల వేడి తగ్గుతుంది. చాలాసార్లు మొదట వినిపించిన విమర్శ వేరు, వివరంగా చెప్పాక తేలేది వేరు. "మీ పిల్లలకు క్రమశిక్షణ లేదు" అన్న ఆంటీ గారిని ఇలా అడిగితే, క్రిస్మస్ నాటకంలో మా వాడు వాళ్ల మనవడి రెక్కలు లాగేశాడని తేలింది. దేవదూత రెక్కలు. ఆ మొత్తం మాటకి నేను జవాబిచ్చి ఉంటే రెండు కుటుంబాలు ఏడాది మాట్లాడుకునేవి కావు.

రెండో మాట: "ఆలోచించి ఆదివారం నాటికి చెబుతాను." ఇందులో ఆదివారం ముఖ్యం. రోజు చెప్పకుండా ఆలోచిస్తానంటే అది ప్రార్థన చేస్తానండీ లాంటిదే. ఆదివారం వచ్చాక మీరే వెళ్లి పలకరించాలి. ఏమీ తేలకపోయినా, ఇంకా తేలలేదనే చెప్పండి. విమర్శించిన మనిషి కూడా ఆ వారమంతా కుదురుగా ఉండరు, అనవసరంగా అన్నానేమోనని నలుగుతుంటారు. మీరు వెళ్లి పలకరించడం వాళ్లకు విడుదల.

ఆ మధ్య రోజుల్లో ఎవరినైనా అడగండి. మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లను అడిగి లాభం లేదు, "వాళ్ల మాటలు పట్టించుకోకండి అన్నా" అంటారు, అది వినడానికే వెళ్లి ఉంటాం కూడా. మీరంటే ఇష్టం ఉండీ మీకు భయపడని మనిషి ఒకరు కావాలి. చాలామందికి ఆ మనిషి ఇంట్లోనే ఉంటుంది. అడిగే ధైర్యమే ఉండదు.

క్షమాపణ చెప్పాల్సి వస్తే మన భాషలో రెండు గోతులున్నాయి. ఒకటి "ఉంటే". "నా మాటల వల్ల మీరు నొచ్చుకుని ఉంటే క్షమించండి." ఈ "ఉంటే" వచ్చి తప్పును నా మాటలోంచి తీసి మీ మనసులో పెట్టింది. నొచ్చుకోవడం మీ బలహీనత, క్షమించమనడం నా గొప్పతనం. రెండోది "గానీ". "తప్పే గానీ, మీరు కూడా..." అన్నాక ముందున్న తప్పే ఎగిరిపోతుంది. సౌలు రాజు గానీ తెలుగువాడై ఉంటే ఈ రెండూ తప్పకుండా వాడేవాడు. "ఆ రోజు మీతో అలా మాట్లాడటం నాదే తప్పు" అని, అక్కడ ఆగి, గ్లాసుడు మంచినీళ్లు తాగండి. ఆగడమే దానిలో కష్టమైన భాగం.

పై మెట్టు మీద ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. మోషే సంగతి చూడండి. మామ యిత్రో చూడ్డానికి వచ్చాడు. తెల్లారి అల్లుడి పని దగ్గర కూర్చున్నాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా జనం వరసలో నిలబడి ఉన్నారు, అల్లుడొక్కడే తీర్పులు చెబుతున్నాడు. నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు మామ. ఎర్ర సముద్రం దాటించిన మనిషితో, వచ్చిన మర్నాడే! మన ఊళ్లలో మామగారు వచ్చి అల్లుడి కొట్లో లెక్కల పుస్తకం తిరగేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పైగా యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాడు. నేను దేవునితో మాట్లాడి వస్తున్నాను, నువ్వెవరివి అనడానికి మోషేకు అన్ని కారణాలూ ఉన్నాయి. ఆయన మామ చెప్పినట్టే వెయ్యిమందికీ వందమందికీ యాభైమందికీ పదిమందికీ అధికారులను పెట్టాడు. యిత్రో కూడా పద్ధతి తెలిసినవాడు. దేవుడు అలా చేయమని నీకు ఆజ్ఞాపిస్తే అన్న మాట మధ్యలో పెట్టాడు. చివరి నిర్ణయం అల్లుడికీ దేవునికీ వదిలి, తన ఊరు వెళ్లిపోయాడు.

యెరూషలేము సంఘం ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది (అపొస్తలుల కార్యములు 6). ఎవరు సణుగుతున్నారో పేర్లు చెప్పండని అపొస్తలులు అడగలేదు. పంపకం చూడటానికి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఎన్నికైన ఆ ఏడు పేర్లూ చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. యూదుల్లోనూ గ్రీకు పేర్లు ఉండేవనుకోండి, అయినా ఏడుకి ఏడూ అంటే ఊరికే జరిగింది కాదనిపిస్తుంది నాకు. ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే గిన్నె ఇచ్చారు. మన కమిటీల్లో లెక్కలు అడిగినవాణ్ణి లెక్కల కమిటీలో వేసిన సంఘం మీకు తెలిస్తే చెప్పండి, నేను వెళ్లి వాళ్లతో ఒక ఆరాధన చేసి వస్తాను.

మన నేల మీద కూడా ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునల్వేలి ప్రాంతం నుంచి 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని సేవ చేస్తున్నవాడు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవైమంది కూడా లేరు. అక్కడ నిలబడి ఆయన, మిషనరీలు మా కోసం చేసిన త్యాగాలను మా సంఘం ఎప్పటికీ మరవదు, అయినా మమ్మల్ని సాటి మనుషులుగా పక్కన కూర్చోబెట్టుకోవడం లేదు, మాకు కావలసింది స్నేహం అన్న అర్థంలో మాట్లాడాడు. పిలిపించినవాళ్ల ముఖం మీదే. సభలో కొందరు బాగా నొచ్చుకున్నారు. ఆయన సేవ చేస్తున్న ఆంగ్లికన్ సంఘమే రెండున్నరేళ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ను డోర్నకల్ బిషప్పుగా అభిషేకించింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. దాని కోసం గట్టిగా పట్టుబట్టినవాడు మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్, ఒక ఇంగ్లీషువాడు. అజరయ్య ధైర్యం గురించి అందరూ చెబుతారు. నాకు వైట్‌హెడ్ గురించి కూడా ఆలోచించాలనిపిస్తుంది. తన జాతివాళ్లందరినీ నిలబెట్టి కడిగిన మనిషికి, తన అధికారంలోంచే కొంత ప్రాంతం విడదీసి ఇవ్వడానికి పూనుకోవడం తేలికైన పని కాదు.

ఇంతా చెప్పాక ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ అధ్యాయం కొందరికి హాని చేస్తుంది. విమర్శను కృపతో వినడమంటే ప్రతి మాటనూ మింగడమని కాదు. యేసు ప్రభువు హేరోదు ముందు మౌనంగా ఉన్నాడని అందరం చెప్పుకుంటాం. దానికి ముందు రాత్రి, ప్రధాన యాజకుని ఇంట్లో బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు ఆయన ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేమిటో చూపించు, సరిగ్గా మాట్లాడితే ఎందుకు కొట్టావు అని అడిగాడు (యోహాను 18). గొంతు పెంచలేదు, ప్రశ్న వదల్లేదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, పొద్దున్నే చప్పుడు లేకుండా పొమ్మంటే పౌలు కదల్లేదు, ఆ అధికారులే వచ్చి తీసుకెళ్లాలన్నాడు. భర్త చెయ్యి చేసుకుంటుంటే, పనిచోట పైవాడు రోజూ అవమానిస్తుంటే, సేవ పేరుతో ఎవరైనా హద్దు దాటుతుంటే, అది దిద్దుబాటు కాదు. అక్కడ ఓర్చుకోమ్మా అనేవాళ్లు ఈ పుస్తకం పట్టుకుని రావద్దు. ఆ అమ్మాయిని సాయం దొరికే చోటికి తీసుకెళ్లండి.

మిగతా అబద్ధపు విమర్శలకు, అంటే దెబ్బ తగలదు గానీ మండుతుందే, అలాంటివాటికి ఒక్కసారి నిదానంగా నిజం చెప్పి ఆగితే చాలు. రెండోసారి చెబుతున్నామంటే నిజం కోసం కాదు, గెలవడం కోసం. సామెతల 26లో మూర్ఖుడికి జవాబివ్వొద్దని ఒక వచనం, ఇవ్వమని దాని వెంటనే ఇంకొకటి పక్కపక్కనే ఉన్నాయి. కుర్రప్పుడు అది బైబిల్లో పొరపాటేమో అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఏ రోజు ఏది అనేది మనకే వదిలారు.

గుర్రం తర్వాత మూడు ఆదివారాలు నేను టీచరమ్మ గారికి ఎదురు పడకుండా పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్లాను. నాలుగో వారం వాన వచ్చి వరండాలో ఇద్దరం ఇరుక్కున్నాం. "గుర్రం లేదండీ టీచరమ్మ గారూ. ఆ రోజు నేనన్న మాట తప్పు" అన్నాను. ఆవిడ వాన వైపు చూస్తూ, "నలభై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించాను బాబూ. నేను రాసిన అక్షరం మీదే మళ్లీ మళ్లీ బలపం తిప్పాలి, పక్కకు పోకూడదు. ఏడవకుండా దిద్దినవాడు ఒక్కడూ లేడు" అన్నారు. తర్వాత, "ఆ నోటి నురగ మాత్రం బాగుంది" అన్నారు.

ఇప్పుడు ఆవిడకు డెబ్బై దాటాయి. నేను ఏది రాసినా ముందు ఆవిడ దగ్గరికే వెళుతుంది, ఎర్ర సిరా గుర్తులతో తిరిగొస్తుంది. ఈ అధ్యాయం మొదటి ప్రతిలో మూడు చోట్ల సున్నాలు చుట్టారు. నాతాను పేరు దావీదు కొడుకుకి పెట్టింది ప్రవక్త మీది గౌరవంతోనేనని నేను రాసేశాను; పక్కన "ఎవరు చెప్పారు?" అని ఉంది. దిద్దాను. షిమీ కథ దారిలోనే ఆపేశాను, "1 రాజులు 2 ఎక్కడ?" అని ఉంది. మీరు చదివారుగా. మూడోది ఆవిడ గురించి నేను రాసిన మాటల దగ్గర. "అంత నెమ్మదిగా ఏం అనలేదు, కోపంగానే అన్నాను" అని రాశారు. నాకు మాత్రం నెమ్మదిగానే గుర్తుంది. ఆదివారం నాటికి ఆలోచించి చెబుతానన్నాను.